ఏడో ఫీడర్ సున్నా

"లైట్లేశారు... ఒరేయ్, మా ఊళ్ళో లైట్లేశారు..."

కట్ట వీధి చివర్నించి ఆ కేక వినబడేసరికి నేను కరెంటు సబ్ స్టేషన్ కంట్రోల్ రూములో కాఫీ ముందు కూర్చుని ఉన్నాను. మా జావా కాఫీతో తొందరపడకూడదు. పొడి అడుగుకి దిగేదాకా ఆగాలి, లేకపోతే పళ్ళ సందుల్లో ఇరుక్కుంటుంది. సాయంత్రం అయిదున్నర. మసీదు మైకు గరగరమంటోంది. ఆ కేక ఎవరిదో నాకే కాదు, వీధిలో కుక్కలకి కూడా తెలుసు. మ్బా రుకినాది. ముసలమ్మల్ని మేం మ్బా అనే పిలుస్తాం, పెద్దమనుషుల్ని పక్ అని, కుర్రాళ్ళని మస్ అని. సబ్ స్టేషన్ గేటు ఎదురుగా అరిటాకు పొట్లాల్లో అన్నం అమ్ముకుంటుంది. ఆవిడ ఊరు సెందాంగ్. అది రిజర్వాయరు నీళ్ళ కింద పడి అప్పటికి ఆరేళ్ళయింది.

"మ్బాకి మళ్ళీ మొదలైంది," అన్నాడు మా ఇన్‌చార్జి పక్ తుకిరాన్, లవంగాల సిగరెట్టు ముట్టించుకుంటూ. "నీళ్ళడుగున లైట్లేమిటి? చేపలు బడికెళ్తున్నాయా?"

నేను నవ్వాను. నవ్వుతూనే ఎందుకో ఏడో ప్యానెల్ వైపు చూశాను. ఇక నవ్వలేదు.

ఏడో ఫీడర్ అమ్మీటరు ముల్లు లేస్తోంది.

అది ఎందుకంత విడ్డూరమో తెలియాలంటే మీకు కాస్త మా పని చెప్పాలి. నేను చదివింది తొమ్మిదో తరగతి, అదీ రెండుసార్లు. కానీ సీటీ, పీటీల గురించి అడిగితే మాత్రం పొద్దుగూకేదాకా చెబుతాను, మా ఆవిడ తలుపేసుకుని పడుకున్నా సరే. యార్డులో తీగల మీద వందల ఆంపియర్లు పోతుంటాయి, ఇరవై వేల వోల్టుల మీద. దాన్ని తిన్నగా తెచ్చి గదిలో మీటరుకి తగిలిస్తే మీటరూ ఉండదు, గోడా ఉండదు, చూసేవాడూ ఉండడు. అందుకని తీగ దారిలో పింగాణీ జాడీ లాంటిదొకటి కూర్చోబెడతారు. అదే సీటీ, కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్. పెద్ద తీగలో నాలుగొందల ఆంపియర్లు పోతే దాని కడుపులో ఉన్న చుట్టలోంచి గదిలోకి అయిదే వస్తాయి. రెండొందలు పోతే రెండున్నర. తీగకి తీగ ఎక్కడా తగలదు, ఇనుములోంచి కబురు మాత్రం దాటుతుంది. పీటీ వోల్టుల సంగతి చూస్తుంది, ఇరవై వేలని వందకి దించి చెబుతుంది. ఈ ఇద్దరికీ అబద్ధం చేతకాదు. అబద్ధమంటూ ఉంటే అది ముల్లు దాటాక, పెన్ను దగ్గర మొదలవుతుంది.

సీటీతో ఒక్కటే పేచీ. పెద్ద తీగలో కరెంటు పోతున్నంతసేపూ దాని చిన్న చుట్ట రెండు కొసలూ కలిసే ఉండాలి. మీటరు విప్పాలంటే ముందు ఆ కొసల్ని లింకుతో కలిపేసి, తర్వాత స్క్రూ ముట్టుకోవాలి. కలపకుండా విప్పావా, దారి దొరకని కరెంటు వేల వోల్టులై పైకి లేస్తుంది. విప్పినవాడి చెయ్యి కాలుతుంది. యార్డులో సీటీ వేడెక్కి పగులుతుంది. లైను చచ్చిపోయి ఉంటే మాత్రం ఏ గొడవా లేదు, కళ్ళు మూసుకుని విప్పుకోవచ్చు.

ఏడో ఫీడర్ సెందాంగ్‌కి వెళ్ళే లైను. ఊరు మునిగిననాడే దాని బ్రేకర్, అంటే మెయిన్ స్విచ్చి లాంటిది, తీసేశాం. ఐసోలేటర్ తీసి ఉంది. ఎర్త్ వేసి ఉంది. యార్డు కంచె దగ్గర తీగ కోసేసి ఉంది. అవతల స్తంభాలన్నీ నీళ్ళలో. అలాంటి లైను మీద ముల్లు పది దాటింది... ఇరవై... నలభై దగ్గర ఆగి సన్నగా వణుకుతోంది. పక్కనే వోల్టు మీటరు చూశాను. సున్నా. వోల్టు లేదంటే కరెంటుని తోసేవాడు లేడు. అయినా పోతోంది.

తొమ్మిదింటికి ముల్లు మెల్లగా దిగింది. కొంచెం కొంచెంగా, ఒక్కో ఇంట్లో ఒక్కో దీపం ఆర్పుకుంటున్నట్టు.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. ముందు వీధిలో మ్బా కేక, వెనకాలే ముల్లు.

"మీటరు పాడైంది," అన్నాడు తుకిరాన్. "సున్నా రాయి."

"పక్, సీటీ పాడైతే తక్కువ చూపిస్తుంది గానీ లేనిది చూపించదు కదా."

"నువ్వు నాకు పాఠం చెప్పకు, లెగిమాన్. బ్రేకర్ తీసున్న లైను మీద నలభై ఆంపియర్లని రాస్తే పెద్దాఫీసు నుంచి జీపు దిగుతుంది. అందులోంచి నలుగురు దిగుతారు. ఒక్కొక్కడూ నిన్ను తాగుతావా అని అడుగుతాడు. రాయి సున్నా."

రాశాను. నిజం చెప్పాలంటే సంతోషంగానే రాశాను. గంటగంటకీ లేచి చూడ్డం ఎందుకని షిఫ్టు మొదట్లోనే లాగ్ షీట్లో ఏడో వరస నిండా ఎనిమిది సున్నాలు గుండ్రంగా చుట్టేసేవాణ్ణి. చెయ్యి అలవాటు పడిపోయింది.

ఇంకో మాట కూడా చెప్పేస్తాను, దాచి ఏం చేసుకుంటాను. నా మొదటి సున్నా అది కాదు. ఆరేళ్ళ కిందట నీళ్ళు వదిలిన రోజు ఆ బ్రేకర్ తీసింది నేనే. ఊరంతా ఖాళీ అయిందని కాగితం వచ్చింది. తీసే ముందు ముల్లు చూశాను. సున్నా మీద లేదు. మేం కదలం అని మొండికేసినవాళ్ళు కొందరున్నారని అందరికీ తెలుసు. ఆ కాసిని ఆంపియర్లు ఎవరింట్లో దీపాలో నాకు తెలీదు. "ఊరు ఖాళీ అయితే లోడు ఎక్కడిది? సున్నా రాసి తీసెయ్," అన్నాడు తుకిరాన్. రాసి తీసేశాను.

అలా అయిదు రోజులు గడిచాయి. ఆరో రోజున ప్రయిత్నో వచ్చాడు.

రిజర్వాయరు ఒడ్డున ఐస్ ఫ్యాక్టరీ కడుతున్నారు. దానికి ఏడో ఫీడర్నే ఇస్తారట. యార్డులో కొత్త తీగ బిగించడానికి లైన్‌మన్‌గా మా తమ్ముడు పోనిమాన్, గదిలో పాత మీటరు తీసి కొత్తది పెట్టడానికి సిటీ నుంచి ఈ టెస్టింగ్ కుర్రాడు. పాతికేళ్ళుంటాయేమో. వస్తూ వస్తూ బుట్టెడు సలాక్ పళ్ళు తెచ్చి బల్ల మీద పెట్టాడు. స్క్రూ డ్రైవర్లన్నీ రుమాలు మీద పెద్దదాని నుంచి చిన్నదాకా వరసగా పేర్చుకున్నాడు. అలాంటివాడు తొందరపడడని చూడగానే తెలిసిపోతుంది.

మూడింటికి లైన్ క్లియర్ కాగితం మీద నేను సంతకం పెట్టాను. బ్రేకర్ ఓపెన్, ఎర్త్ వేసి ఉంది, లైన్ డెడ్. పోనిమాన్ కాగితం తీసుకుని నా పొట్ట వైపు చూశాడు.

"పైకి రారాదూ అన్నా, గాలి తగులుతుంది. అయినా నిన్ను మోసే నిచ్చెన మన స్టోర్సులో లేదులే."

"పోరా. సాయంత్రం లోపల దిగు."

"సాయంత్రం ఏముంది?"

"ఏం లేదు. చీకటి పడుతుంది."

ప్రయిత్నో ప్యానెల్ వెనక్కి దూరాడు. కాసేపయ్యాక గొంతు వినబడింది.

"పక్ లెగిమాన్, ఈ సీటీ లింకు స్క్రూ తుప్పు పట్టి బిగుసుకుపోయింది. నూనె పోసి నానబెడితే గానీ రాదు. ఈ ఫీడర్ మీద ఎన్నడైనా ముల్లు కదిలిందా?"

తుకిరాన్ నా వైపు చూశాడు. నేను ముల్లు వైపు చూశాను. మూడున్నర అప్పుడు. ముల్లు బుద్ధిగా సున్నా మీద పడుకునుంది.

"లేదు," అన్నాను.

"ఆరేళ్ళ లాగ్ షీట్లు అరలో ఉన్నాయి మస్, చూస్కో," అన్నాడు తుకిరాన్.

చూశాడు పాపం. బయటికొచ్చి, చేతులు తుడుచుకుని, నాలుగైదు కట్టలు తిరగేశాడు. అన్నీ సున్నాలే. సగం నా చేతి రాతే.

"అయితే లింకెందుకు, లైను ఎప్పుడో చచ్చింది," అని నవ్వి మళ్ళీ వెనక్కి వెళ్ళాడు. "గంటలో అయిపోతుంది."

గంటంటే నాలుగున్నర. ముల్లు లేచేది అయిదున్నరకి. సరిపోతుంది. ఇంత చిన్న లెక్క మీద నేను కాఫీ కలుపుకుని కూర్చున్నాను.

కానీ తీగలకి కట్టిన చీటీల్ని బొద్దింకలూ చెదలూ తినేశాయి. ఏది ఏ తీగో తెలీక ఒక్కోదానికీ బ్యాటరీ గంట తగిలించి, మోగుతుందో లేదో చూసుకుంటూ వెళ్ళాడు. ముందు పీటీ తీగలు. తర్వాత రిలే తీగలు. నాలుగున్నరైంది. అయిదైంది. సీటీ తీగల్ని ఆఖరికి పెట్టుకున్నాడు. తుకిరాన్ వెనకాల టార్చి పట్టుకుని నిలబడ్డాడు. యార్డులో పోనిమాన్ ఇంకా దిగలేదు. ఏడో సీటీ పక్కనే ఇనుప దూలం మీద కూర్చుని క్లాంపు బిగిస్తున్నాడు. కిటికీలోంచి వాడి వీపు కనిపిస్తోంది.

గాలి ఆగిపోయింది. వానొచ్చే ముందు వాసన కాదు, వేరే వాసన వస్తోంది. చెరువు ఎండినప్పుడు అడుగు బురద వాసన. గది తలుపులన్నీ వేసే ఉన్నాయి.

అప్పుడు వీధి చివర్నించి...

"లైట్లేశారు..."

ముల్లు కదిలింది.

పది... ఇరవై...

ప్యానెల్ వెనక స్క్రూ డ్రైవర్ చప్పుడు. కిర్రు... కిర్రు... ప్రయిత్నో ఏదో పాట కూనిరాగం తీస్తున్నాడు. ముల్లు ఇటువైపు, వాడు అటువైపు. వాడికి కనబడదు.

ఒక్క మాట చాలు. ఆగు మస్, కరెంటుంది. అంతే. కానీ అన్నాక వాడు అడుగుతాడు, మరి ఈ సున్నాలేమిటని. పక్కన తుకిరాన్ ఉన్నాడు. లైన్ క్లియర్ కాగితం మీద నా సంతకం ఉంది.

వాడు రెండడుగుల దూరంలో ఉన్నాడు. మా తమ్ముడు ముప్ఫై గజాల దూరంలో ఉన్నాడు.

నేను ముప్ఫై గజాలు పరిగెత్తాను.

"దిగరా," అన్నాను కింద నిలబడి.

"ఒక్క బోల్టు అన్నా. ఇదిగో, ఓ తమాషా చూడు. తీగ వెచ్చగా ఉంది."

"పోనిమాన్... దిగు."

"ఎండకి కాదన్నా. ఇప్పటిదాకా చల్లగానే ఉంది. మనిషి చెయ్యి పట్టుకున్నట్టుంది." వాడు నవ్వుతున్నాడు. "చెమట కూడా పట్టింది దీనికి."

సీటీ వైపు చూశాను. సన్నటి హోరు. తేనెతుట్టె దగ్గర వినబడేలాంటిది. చచ్చిన లైను మీద సీటీ పాడదు...

"నేను సున్నాలు రాశానురా," అన్నాను. "ముల్లు వారం నుంచీ కదులుతోంది. వాడు లోపల లింకు వేయకుండా విప్పుతున్నాడు."

పోనిమాన్ ఇంకేమీ అడగలేదు. లైన్‌మన్‌కి ఆ మాట చాలు. బెల్టు విప్పి, పానా వదిలేసి, దూలం మీంచి జారుతూ దిగాడు. మోచేతులు గీరుకుపోయాయి.

"వాడికి చెప్పావా?" అన్నాడు నేల మీద కాలు పెడుతూనే.

నేను గది కిటికీ వైపు చూశాను.

"అన్నా. ఆ పిల్లాడికి చెప్పావా?"

ఇద్దరం గది వైపు పరిగెత్తాం. పది అడుగులు... పన్నెండు... వెనక హోరు మారింది. సన్నగా ఉన్నది లావైంది. ఎవరో చాలామంది నోళ్ళు మూసుకుని ఒకేసారి మూలిగినట్టు...

ఆ తర్వాత పగిలింది.

పింగాణీ పెంకులు మా తలల మీంచి ఎగిరి కంచెకి తగిలాయి. పోనిమాన్ కూర్చున్న దూలం మీద నూనె మండుతోంది. వాడు వెనక్కి తిరిగి చూసి, నా భుజం పట్టుకున్నాడు. ఆ పట్టు మచ్చ నెల్లాళ్ళుంది.

గదిలో తుకిరాన్ టార్చి పట్టుకుని అలాగే నిలబడి ఉన్నాడు. వెలుతురు నేల మీద పడుతోంది. అక్కడ ప్రయిత్నో పక్కకి తిరిగి పడుకున్నట్టు ఉన్నాడు. కుడి చెయ్యి గురించి చెప్పను. స్క్రూ డ్రైవర్ వేళ్ళ నుంచి రాలేదు. బల్ల మీద సలాక్ పళ్ళు, రుమాలు మీద మిగతా స్క్రూ డ్రైవర్లు, పెద్దదాని నుంచి చిన్నదాకా.

నేను ముల్లు చూశాను. చూడకుండా ఉండలేకపోయాను. తీగ విప్పేశాడు కదా, సున్నా మీద ఉంది. ఆ వారంలో నా లాగ్ షీట్ నిజమైంది ఆ ఒక్క గడిలోనే.

పెద్దాఫీసు నుంచి జీపు వచ్చింది. నలుగురు దిగారు. లాగ్ షీట్లు చూశారు, ఆరేళ్ళ సున్నాలు చూశారు, పాత సీటీ లోపల ఏదో తేమ చేరి ఉంటుందన్నారు. తుకిరాన్ ఏమీ అనలేదు. నేనూ అనలేదు. పోనిమాన్ నాతో మాట్లాడ్డం మానేశాడు. కానీ వాడూ ఎవరికీ చెప్పలేదు. మా ముగ్గురికీ తప్ప ఇంకెవరికీ తెలీదు.

ఏడో ప్యానెల్ మొత్తం పీకేశారు. గోడలో చదరపు కన్నం మిగిలింది. ఆ తర్వాత ఆరు రోజులూ వీధిలో మ్బా రుకినా కేక వినబడలేదు.

చనిపోయినవాళ్ళకి ఏడో రోజున మేం కెందూరి పెడతాం, చాపలు పరిచి అందరం కలిసి తినడం. ప్రయిత్నో ఇంటి వాళ్ళు వాళ్ళ ఊళ్ళో పెట్టుకున్నారు. మన దగ్గర పోయాడు గనక మనమూ పెట్టాలన్నాడు తుకిరాన్. సబ్ స్టేషన్ ముందు పోర్టికోలో, సాయంత్రం పూట. వంట మ్బా రుకినాదే. పసుపన్నం గోపురంలా పోసి, చుట్టూ కొబ్బరికోరు కలిపిన ఆకుకూర, వేయించిన తెంపె అనే సోయా బిళ్ళలు, నిండు కోడి పెట్టింది. మామూలుగా ఆడవాళ్ళు లోపలే ఉండిపోతారు. ఆ రోజు మాత్రం ఆవిడ వచ్చి చాప చివర కూలబడింది.

"ఏం మ్బా, ఈమధ్య కేక లేదు?" అన్నాడు తుకిరాన్, ఏదో ఒకటి మాట్లాడాలి గనక.

"ఇంకెందుకు నాయనా. మీ కుర్రాడు ఉన్నాడుగా అక్కడ, మా ఊళ్ళో." అన్నం ఆకుల్లో పెడుతూ మామూలుగా అంది. "బంగారం లాంటి పిల్లాడు. ఇంటింటికీ తిరిగి తీగలు చూస్తున్నాడట. ఎడం చేత్తోనే చేసుకుంటున్నాడు, పాపం."

సిగరెట్టు బూడిద తుకిరాన్ లుంగీ మీద రాలింది. దులుపుకోలేదు.

"ఒకటే అడుగుతున్నాడు," అంది మ్బా. "ఆ సున్నాలు ఎవరు రాశారని."

ఏడు రోజుల తర్వాత మొదటిసారి పోనిమాన్ నా మొహంలోకి చూశాడు. వాడు చెప్పలేదని ఆ చూపులోనే తెలిసింది. తుకిరాన్ వైపు చూశాను. అతనూ చెప్పలేదు.

"నువ్వేమన్నావు?" అన్నాను.

"నాకు అక్షరం ముక్క రాదు. సున్నాల సంగతి నాకేం తెలుసు? పోనీ వాళ్ళనే అడుగుతానన్నాను. వద్దన్నాడు. తనే వచ్చి అడుగుతాడట." అన్నం పెట్టిన ఆకు నా ముందుకి జరిపింది. కోడి తొడ కూడా వేసింది. "ముందు ఆ రాసినాయన్ని తిననీ మ్బా, కడుపు నిండా తిననీ, తినడం అయ్యాక అడుగుతానన్నాడు. ఎంత మర్యాదో చూడు."

మసీదు పెద్దాయన ప్రార్థన పూర్తి చేశాడు. అందరం ఆమీన్ అన్నాం. ఎవరూ లేచి వెళ్ళలేదు, లేస్తే ఎందుకు లేచావంటారు. పోనిమాన్ జరిగి నా పక్కన కూర్చున్నాడు. తుకిరాన్ ఎదురుగా. మ్బా చివర. పసుపన్నం గోపురం మధ్యలో. నలుగురం, మిగతావాళ్ళూ, తలలు వంచుకుని తినడం మొదలుపెట్టాం.

అంత నెమ్మదిగా నేనెప్పుడూ తినలేదు. ఒక్కొక్కరే ఆకులు మడిచి పక్కన పెట్టారు. నేను ఒక్క ముద్ద వదిలేశాను.

పందొమ్మిదేళ్ళయింది. ఇప్పటికీ ఏ పూటా నేను తినడం పూర్తి చేయలేదు.